మనోవ్యాధిగ్రస్తులకు ఉపచర్య : గ్రామ పంచాయతీల బాధ్యత

గ్రామములో వాంతులు, విరేచనములు ప్రబలినచో పంచాయతీ ఒక్క గడియ ఆలస్యము చేయదు. బావులలో మందు కలిపించును, వైద్యుని రప్పించును, ఇంటింటికి మనిషిని పంపి జాగ్రత్తలు చెప్పించును. కాని అదే గ్రామములో ఒక ఇంటి పెరటిలో, పశువుల కొట్టము ప్రక్కన, ఒక మనిషి సంవత్సరముల తరబడి రాటకు కట్టబడి ఉన్నచో, అది ఆ ఇంటివారి సొంత విషయమని ఊరంతయు ఊరకుండును. మొదటిది రోగము, రెండవది తలవ్రాత అను భావము మన గ్రామములలో ఇంకను పోలేదు. రెండును రోగములే. రెండింటికిని చికిత్స కలదు. రెండవదానికి చికిత్సతోపాటు ఓర్పుతో కూడిన ఉపచర్య మరింత అవసరము. ఆ ఉపచర్య యెట్టిది, దానిని నేర్చిన నర్సు ఏమి చేయును, పంచాయతీ సభ్యులు ఆమెకు ఎట్లు తోడ్పడవచ్చును అను విషయములను ఇచట వివరింతుము.

ముందుగా ఈ సమస్య ఎంతటిదో తెలిసికొనవలెను. బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ 2015-16 లో దేశవ్యాప్తముగా ఒక సర్వే జరిపినది. పెద్దలలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో బాధపడుచున్నారనియు, వారిలో నూటికి 70 మందికి తక్కువ కాకుండ చికిత్స అందుటలేదనియు ఆ సర్వేలో తేలినది. ఈ లెక్కను 3,000 మంది పెద్దలుగల గ్రామమునకు అన్వయించినచో సుమారు 300 మంది అగుదురు. వీరందరు కేకలు వేయువారు కారు. నిద్ర పట్టక తెల్లవార్లు కూర్చుండు కౌలు రైతు, బిడ్డను కని దిగులుతో అన్నము ముట్టని బాలింత, త్రాగుడు మానలేని కూలివాడు, నలుగురిలోనికి రాలేని విద్యార్థి, వీరందరును ఈ లెక్కలోనివారే.

గుణదల, దాని చుట్టునుగల వసతులు

కృష్ణా డెల్టాలోని వారికి గుణదల పేరు తెలియనిది కాదు. విజయవాడలోని ఈ కొండపై 1924లో లూర్దుమాత స్వరూపము ప్రతిష్ఠింపబడెను. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు ఉత్సవములకు మతభేదము లేక లక్షలాది జనులు వత్తురు. వచ్చువారిలో రోగులను వెంటబెట్టుకొని మ్రొక్కుబడులు చెల్లించుకొనువారు అనేకులు.

ఆ గుణదలలోనే 1980లో నెలకొల్పబడిన సిద్ధార్థ వైద్య కళాశాల కలదు. నేడది ప్రభుత్వ కళాశాల. దానికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వ్యాధులకు ప్రత్యేక విభాగము పనిచేయుచున్నది. 1986లో స్థాపింపబడి, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరుతోనున్న ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము కూడ విజయవాడలోనిదే. రాష్ట్రములోని నర్సింగు కళాశాలల విద్యార్థినులు ఈ విశ్వవిద్యాలయపు పట్టము కొరకే చదువుచున్నారు. మానసిక ఆరోగ్య ఉపచర్య వారందరును తప్పక చదువవలసిన పాఠ్యాంశము.

పూర్వము డెల్టా గ్రామములవారు తమ రోగిని ఎక్కించుకొని విశాఖపట్టణము చినవాల్తేరు ఆసుపత్రికి రైలు ప్రయాణము చేయవలసివచ్చెడిది. అంత దూరము పోలేనివారు రోగిని ఇంటనే కట్టివేసెడివారు. నేడు ఆ నిస్సహాయత లేదు. కొండకు మ్రొక్కుకొనుట ఎవరి విశ్వాసము వారిది. దానిని ఆక్షేపింప పని లేదు. మ్రొక్కుబడికై వచ్చినవారు ఆసుపత్రికి కూడ పోవలెను. మ్రొక్కుబడి ఉన్నదని మందు మానుట మాత్రము ప్రమాదము.

గొలుసు నుండి ఉపచర్యకు

మనోవ్యాధిగ్రస్తులను గొలుసులతో బంధించుట ఒక్క మన దేశపు ఆచారమే కాదు. రెండు శతాబ్దముల క్రిందట ఐరోపాలోను అదే పద్ధతి. పారిస్ నగరములోని బిసెత్రు ఆసుపత్రిలో 1797లో రోగుల గొలుసులను తొలగించినవాడు ఝాన్ బాప్తిస్త్ పుస్సిన్ అనునతడు. అతడు వైద్యుడు కాడు. తోళ్లు పదును చేయు వృత్తిలోనివాడు, గండమాల వ్యాధితో అదే ఆసుపత్రిలో చేరి స్వస్థుడై, పిదప అచటనే రోగులను కనిపెట్టు ఉద్యోగిగా నిలిచెను. రోగితో మెత్తగా మాటలాడినచో, కొట్టక తిట్టక పని కల్పించినచో, గొలుసు అవసరమే తగ్గునని అతడు అనుభవముచే గ్రహించెను. ఆనాటి ప్రఖ్యాత వైద్యుడు పినెల్ అతనివద్ద ఈ విషయము నేర్చుకొంటినని స్వయముగా ఒప్పుకొనెను. రోగి ప్రక్కన రేయింబవళ్లు ఉండువాని కన్ను ఎంత విలువైనదో ఈ వృత్తాంతమువలన తెలియుచున్నది.

తరువాత 1882లో అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రిలో మనోవ్యాధిగ్రస్తుల సేవకై నర్సులకు ప్రత్యేక శిక్షణ ప్రారంభమయ్యెను. 1952లో హిల్డెగార్డ్ పెప్లౌ అను నర్సు, రోగికిని నర్సుకును నడుమ ఏర్పడు నమ్మకమే చికిత్సకు సాధనమని ఒక గ్రంథమున వివరించెను. మన దేశములో 1954లో బెంగుళూరున అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడి, నర్సులకు కూడ ఈ విద్యలో ప్రత్యేక శిక్షణ ఇచ్చుట మొదలిడెను. 1950 దశాబ్దిలోనే అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను కూడ ఆవరణములోని గుడారములలో ఉంచి, ఉపచర్య వారికి నేర్పి పంపెడివాడు. ఆ కుటుంబములు ఇంటికి మరలిన పిమ్మట రోగిని తామే చూచుకొనగలిగెడివి. నేటి గ్రామీణ మానసిక ఆరోగ్య సేవకు ఇదియే పునాది.

గొలుసు వీడని చోట ఏమి జరుగునో 2001 ఆగస్టు 6వ తేదీన దేశమంతయు చూచినది. తమిళనాడు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయములో తెల్లవారుజామున నిప్పంటుకొనెను. గొలుసులతో బంధింపబడియున్న 28 మంది రోగులు కదలలేక కాలి మరణించిరి. మంటను చూచిన ప్రతి మనిషియు పరుగెత్తును. పరుగెత్తు హక్కును కూడ గొలుసు హరించినది.

ఉపచర్యకు మూలసూత్రములు

నర్సు పని మందు ఇచ్చుట మాత్రమే అని అనేకులు తలంతురు. మానసిక రోగి విషయమున అది పనిలో ఒక భాగము మాత్రమే. ఈ క్రింది సూత్రములు నర్సుకు శిక్షణలో నేర్పబడును. ఇవి ఇంటివారికిని ఇరుగుపొరుగువారికిని కూడ ఉపయోగించును.

మొదటిది, రోగిని ఉన్నది ఉన్నట్లు స్వీకరించుట. అతడు తిట్టినను, మాటలాడకున్నను, అది అతని స్వభావము కాదు, రోగలక్షణమని గ్రహింపవలెను. జ్వరము వచ్చినవాని ఒళ్లు కాలినందుకు మనము కోపగింపము గదా!

రెండవది, వాదింపకుండుట, వంత పాడకుండుట. “నా అన్నములో విషము కలిపిరి” అని రోగి అన్నచో, “నీకు మతి పోయినది” అనుట తగదు. “అవును, కలిపియుందురు” అనుటయు తగదు. శిక్షణపొందిన నర్సు ఇట్లనును: “అన్నయ్యా, నాకు అట్లు తోచుటలేదు. కాని మీరు చాల భయపడుచున్నారని తెలియుచున్నది.” పిదప అతని యెదుటనే అదే గిన్నెనుండి వడ్డించుకొని తాను తినును. మాటచే తొలగని అనుమానము ఇట్టి పనిచే కొంత సడలును.

మూడవది, మాట తప్పకుండుట. సాయంకాలము వత్తునన్న నర్సు సాయంకాలమే రావలెను. తీర్థమునకని చెప్పి ఆసుపత్రికి తీసికొనిపోవుట, మజ్జిగలో మాత్రలు కలిపి త్రాగించుట వంటి మోసములు ఒకనాటికి పని జరిపించినను, రోగి నమ్మకమును మొదలంట నరికివేయును.

నాల్గవది, కనిపెట్టి చూచుట. ఎన్ని గంటలు నిద్రించెను, ఎంత తినెను, స్నానము చేసెనా, ఎవరితో మాటలాడెను, చేతులు వణకుచున్నవా అను సంగతులను నర్సు వ్రాసియుంచును. వైద్యుడు రోగిని కొద్ది నిమిషములే చూచును. ఈ చిట్టాయే అతనికి దారి చూపును.

అయిదవది, రక్షణ. జీవితముపై విరక్తి చెందినవానిని ఒంటరిగా విడువరాదు. చనిపోవలెనను తలంపు కలదా అని అడిగినచో లేని తలంపు పుట్టునని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. మెల్లగా, సూటిగా అడుగుటవలన గుండె బరువు దిగి రోగి సహాయమును స్వీకరించును.

ఆరవది, చేయగల పనిని చేయనిచ్చుట. కోలుకొనుచున్నవానిని కూర్చుండబెట్టి మేపుట సేవ కాదు. మొదట తన పడక తాను చుట్టుకొనుట, పిదప పశువులకు నీళ్లు పెట్టుట, తరువాత పొలమునకు పోవుట, ఇట్లు మెట్టు మెట్టుగా పనిలోనికి తేవలెను.

మందుల విషయము

మానసిక వ్యాధికి మందులు తలనొప్పి మాత్రవలె వెంటనే గుణమీయవు. దిగులు వ్యాధికి ఇచ్చు మందు ఫలించుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టవచ్చును. వారము దినములు చూచి “గుణము లేదు” అని మానివేయుట ఒక పొరపాటు. ఆరు నెలలు వాడి “నయమైనది గదా” అని వైద్యుని అడుగక మానివేయుట రెండవ పొరపాటు. వ్యాధి తిరుగబెట్టుటకు ముఖ్యకారణము ఈ రెండవదే.

కొన్ని మందులవలన మత్తు, నోరెండుట, కండరములు బిగియుట, బరువు పెరుగుట వంటి ఇబ్బందులు కలుగును. వానిని నర్సుకు చెప్పినచో వైద్యుడు మోతాదు మార్చును. ఉద్రేకము, దిగులు మారిమారి వచ్చు వ్యాధికి ఇచ్చు లిథియము అను మందు విషయమున మన ప్రాంతమువారు మరింత జాగ్రత్త వహింపవలెను. రోహిణికార్తె ఎండలలో చెమట పోసి నీరు, ఉప్పు తగ్గినను, వాంతులు, విరేచనములు పట్టుకొన్నను, ఆ మందు రక్తములో హెచ్చి విషమగును. చేతులు విపరీతముగా వణకి, నడక తూలినచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ మందు వాడువారు వైద్యుడు చెప్పిన గడువులలో రక్తపరీక్ష తప్పక చేయించుకొనవలెను.

గ్రామములో గుర్తింపదగిన కొన్ని స్థితులు

బాలింతకు కాన్పైన రెండు వారములలోపల నిద్ర పూర్తిగా పోయి, సంబంధము లేని మాటలు, బిడ్డపై వింత అనుమానములు కలిగినచో అది “గాలి” కాదు, అత్యవసర చికిత్స కావలసిన వ్యాధి. తల్లిని, బిడ్డను ఒంటరిగా విడువక, ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను. సకాలమున చికిత్స చేసినచో చాలమంది పూర్తిగా కోలుకొందురు.

ఏండ్ల తరబడి విపరీతముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో, రెండు మూడు దినములలో వణకు, చెమటలు, లేనివి కన్పించుట, ఫిట్సు కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. అందుచే అట్టివాడు వైద్యుని పర్యవేక్షణలోనే త్రాగుడు మానవలెను. ఒట్టు పెట్టించి గదిలో బంధించుట ప్రమాదకరము.

మూర్ఛ వ్యాధి మెదడునకు సంబంధించినది. దయ్యము కాదు, అంటువ్యాధియు కాదు. ఫిట్సు వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన ప్రయోజనము లేదు. నోటిలో ఏమియు పెట్టక, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. అయిదు నిమిషములలో ఆగనిచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వరదలు, తుఫానులు డెల్టాకు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొనెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలు నీట మునిగెను. నీరు తీసిన పిమ్మట ఇండ్లు ఎండును గాని, మనస్సులు అంత త్వరగా ఎండవు. వాన చప్పుడునకే ఉలికిపాటు, పీడకలలు నెలకు మించి వదలనివారిని నర్సునొద్దకు పంపవలెను.

పురుగుమందుల మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అప్పుల బాధలోనో, ఇంటి కలహములోనో కలిగిన నిరాశ చాలమారులు కొద్ది గంటలలో తగ్గునట్టిది. ఆ గంటలలో చేతికందునంత దూరమున పురుగుమందు డబ్బా ఉండుటచేతనే అనేక ప్రాణములు పోవుచున్నవి. మందును నివాసగృహములో ఉంచక, తాళము వేసిన పెట్టెలోనో, వేరు కొట్టములోనో భద్రపరచుట ఖర్చు లేని ప్రాణరక్షణము.

చట్టము చెప్పునది

1912 నాటి చట్టము ఈ రోగులను నిర్బంధింపదగినవారుగనే చూచెను. 1987లో దాని స్థానమున వేరొక చట్టము చేయబడెను. నేడు అమలులోనున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. దానిలో పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గుర్తింపదగినవి ఇవి.

మానసిక రోగిని ఏ విధముగనైనను గొలుసుతో బంధించుట 95వ సెక్షనుచే నిషేధింపబడినది. దిక్కులేక తిరుగు రోగిని పోలీసువారు రక్షణలోనికి తీసికొని, 24 గంటలలోపల దగ్గరనున్న ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెను, లాకప్పులో ఉంచరాదు. ఇంటిలో రోగి హింసకో, నిరాదరణకో గురియగుచున్నాడని తెలిసినవారెవరైనను పోలీసు స్టేషనుకు తెలుపవచ్చును. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావించి చికిత్స చేయవలెనే గాని శిక్షింపరాదని 115వ సెక్షను చెప్పుచున్నది. కావున విషము మ్రింగినవానిని కేసు భయమున ఇంటిలో దాచి ఆలస్యము చేయ పని లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

నేడు నర్సు పట్టణపు ఆసుపత్రిలోనే కాదు, గ్రామమునకును వచ్చినది. 2018 నుండి ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఉపకేంద్రములలో సామాజిక ఆరోగ్య అధికారులు నియమింపబడుచున్నారు. మన రాష్ట్రములో వీరు నర్సింగు పట్టభద్రులు. మానసిక వ్యాధుల ప్రాథమిక పరీక్ష కూడ వారి విధులలో చేరినది. ఈ సేవ సఫలమగుటకు పంచాయతీ ఈ క్రింది పనులు చేయవచ్చును.

ఒకటి, ఊరిలో ఎవరైనను కట్టబడియున్నారా, గదిలో బంధింపబడియున్నారా అని ఆశా కార్యకర్తద్వారా తెలిసికొనుట. ఇది బహిరంగ సభలో పేర్లు చదువు పని కాదు, గుట్టుగా చేయవలసినది. ఇంటివారిని నిందింపరాదు. వారు సాధారణముగ క్రూరులు కారు. దారి తెలియక, భయపడి, అలసి ఆ పని చేసినవారు. మొదట నర్సును వెంటబెట్టుకొని పోయి, ఆసుపత్రికి తీసికొనిపోవు ఏర్పాటు చేయుట మేలు.

రెండు, రోగిని, తోడు పోవువారిని ఆసుపత్రికి పంపుటకు వాహనము, మరల నెల నెల మందులకు పోవుటకు సహాయము సమకూర్చుట. ఊడ్పులు, కోతల దినములలో కూలి పోవునని ఇంటివారు మందులకు పోకుందురు. మందు ఆగిపోవునది తరచు ఆ దినములలోనే.

మూడు, వ్యాధివలన నూటికి 40 వంతులు, ఆపైన వైకల్యము ఏర్పడినవారికి సదరం ధ్రువపత్రము ఇప్పించుట. 2016 నాటి చట్టమున మానసిక వ్యాధి కూడ వైకల్యములలో చేర్చబడినది.

నాలుగు, 14416 అను టెలి మానస్ ఫోను నంబరును పంచాయతీ కార్యాలయము, పాఠశాల, రేషను దుకాణముల గోడలపై వ్రాయించుట. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ రేయింబవళ్లు ఉచితముగా లభించును.

అయిదు, కోలుకొని వచ్చినవానికి గ్రామములో స్థానము కల్పించుట. “పిచ్చివాడు” అను పేరు మందులకంటె వేగముగా మనిషిని ఆసుపత్రికి తిరిగి పంపగలదు. పని, కూలి, శుభకార్యములలో పిలుపు, టీ కొట్టు వద్ద నలుగురితోపాటు ఒక బల్ల, ఇవి చికిత్సలో చివరి భాగములు. వీనిని వైద్యుడు గాని నర్సు గాని వ్రాసి ఇయ్యజాలరు. ఊరే ఇయ్యవలెను.

పంచాయతీ సభ్యులు తమ తదుపరి సమావేశమున రహదారులు, దీపములు, మురుగు కాలువలతోపాటు ఈ విషయమును కూడ కార్యక్రమపట్టికలో చేర్చుకొందురని ఆశించుచున్నాము. దీనికి గొప్ప నిధులు అక్కరలేదు. ఉపకేంద్రపు నర్సును ఆ సమావేశమునకు పిలిచి, ఆమె చెప్పునది విని, ఒక్క ఇంటితో పని ప్రారంభించినను చాలును. ఒక పెరటిలో ఒక గొలుసు వీడినచో, దానిని చూచిన రెండవ ఇల్లు తనంతట తానే తలుపు తెరచును.